గోడలలోపలి నడక
(కూచిపూడిలో పఠనమందిర సభ్యుల యెదుట చేసిన ఉపన్యాసము)



నడకను గూర్చి మాటలాడుటకు కూచిపూడికి వచ్చితిని. ఇది కొంత సాహసమే యగును. అడుగు వేయుట యెట్లో, వేసిన యడుగును నిలుపుట యెట్లో లోకమునకు నేర్పిన గ్రామమిది. అయినను నేడు నేను ప్రస్తావింపబోవునది నాట్యము గాదు. ఇంటిలోనో, కార్యాలయములోనో, పొగ క్రమ్మిన గిడ్డంగిలోనో ఒక మనుష్యుడు నడచుచుండగా, వానిని కంటితో చూడకయే, వాని చలనమునుబట్టి వాడెచ్చట నున్నాడో చెప్పు యంత్రములు బయలుదేరినవి. వానినే జనులు సెన్సారులందురు. అవి మన కృష్ణామండలమునందలి కొన్ని యిండ్లలో నిదివఱకే ప్రవేశించినవి. వానిని తెచ్చినది ప్రభుత్వము గాదు, పోలీసువారు గారు. సముద్రముల కావల నున్న మన బిడ్డలే తెచ్చిరి. కావున దూరపు సంగతి యని త్రోసివేయుటకు వీలు లేదు.

బయలునందున్నవాని జాడ తీయుట నేడు కష్టము గాదు. ఇరువది వేల కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు గడియారపు సంకేతములను పంపుచుండును; నాలుగింటి సంకేతము లందినచో మన చేతిలోని ఫోను తానెచ్చట నున్నదో లెక్క కట్టుకొనును. గుడివాడలో బస్సెక్కినవాడు పామఱ్ఱు దాటెనా లేదా యని ఇంటిలోనివారు చూచుకొనుచునే యున్నారు. కాని అంతదూరము వచ్చునప్పటికి ఆ సంకేతము మిక్కిలి క్షీణించును. సిమెంటు స్లాబు క్రిందికి వచ్చునప్పటికి దానిని నమ్ముటకు వీలుండదు. వీధిలో నున్నంతసేపు మన జాడ ఆకాశమునకు తెలియును. గడప దాటి లోనికి వచ్చినంతనే మనము మాయమగుదుము. ఇంటికప్పు ఎండకు వానకు మాత్రమే గాక ఈ దృష్టికి గూడ అడ్డుగా నున్నది. ఈ యడ్డును దాటుటకు శాస్త్రజ్ఞులు రెండు మార్గములు త్రొక్కిరి. మొదటిది, నడచువాడే తన యొంటిమీద యంత్రమును ధరించుట. రెండవది, ఇల్లే వానిని కనిపెట్టుచుండుట. ఈ రెంటికిని గణితమున కొంత పోలిక కలదు. ధర్మమున మాత్రము చాల భేదము కలదు.

మొదటి మార్గమునకు మూలము సముద్రయానమునందున్నది. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ మన బందరు రేవు చేరినపుడు, రేఖాంశమును తెలుపగల నమ్మకమైన గడియారము గూడ నావికులకు లేదు. వారి కడనున్నవి దిక్సూచి, ఇసుకగడియారము, ముడులు వేసిన త్రాడు. త్రాటికొనకు కొయ్యపలక కట్టి నీటిలో విడిచి, గడియారములోని యిసుక జాఱునంతలో ఎన్ని ముడులు చేతినుండి పోయెనో లెక్కించి ఓడ వేగమును తెలిసికొనెడివారు. నిన్న ఎచ్చట నుంటిమి, ఏ దిక్కునకు, ఎంత వేగమున, ఎంతసేపు వచ్చితిమి యను ఈ నాలుగు సంగతులను కలిపి, నేడిచ్చట నున్నామని పటముమీద చుక్క పెట్టుదురు. తీరము కనబడిన నాడు ఆ చుక్కను సవరించుకొందురు. కనబడకున్నచో నిన్నటి తప్పు నేటి లెక్కకు అసలై కూర్చుండును, అటుపైన చక్రవడ్డీయే.

ఈ లెక్కను నేలమీద, అందును రహస్యముగా, నడపిన మనవా డొకడున్నాడు. హిమాలయములలోని మిలం గ్రామమునకు చెందిన నయన్ సింగు రావత్ అను బడిపంతులు. టిబెట్టులోనికి పరదేశీయులకు ప్రవేశము నిషిద్ధమై యున్న దినములలో, సర్వేశాఖకు చెందిన మాంట్గమరీ దొర యీతనికి డెహ్రాడూనులో శిక్షణ మిప్పించి యాత్రికుని వేషమున పంపెను. రెండు వేల యడుగులకు ఒక మైలగునట్లు నడకను సాధకము చేయించిరి. ఎక్కినను దిగినను అడుగు కొలత మాఱరాదు. చేతిలోని జపమాలలో నూట యెనిమిది పూసలుండవలసియుండగా నూఱే యుంచిరి. నూఱడుగులకొక పూస. మాల యొకసారి తిరిగినచో పదివేల యడుగులు, అనగా అయిదు మైళ్ళు. ప్రార్థనచక్రములో మంత్రపత్రములకు బదులు లెక్కల కాగితములు. ఇట్లు నడచి 1866 జనవరిలో ఆయన లాసా చేఱెను. 1877లో లండనునందలి రాజభౌగోళికసంఘమువారు ఆయనకు బంగారు పతకము నొసగిరి. పటములు దొరల కచేరీలకు చేఱినవి. అరిగిన పాదములు మాత్రము మనవాని పాదములు. ఈ సంగతి మన పాఠశాలలలో నెంతమంది పిల్లలకు చెప్పుచున్నారో నాకు సందేహమే.

నయన్ సింగు తన కాలిలో నిలిపికొన్న నియమమును నేడు గోరంత సిలికాను ముక్క చేయజూచుచున్నది. దీని తత్త్వము కష్టమైనది గాదు. బస్సు చటుక్కున కదలినపుడు మనము వెనుకకు తూలుదుము. ఆగినపుడు ముందునకు తూలుదుము. సిలికాను ముక్కలో కంటికానని సన్నని భాగమొకటి యట్లే తూలుచుండును. ఆ తూలునంత కొలిచినచో వేగమెంత మాఱినదో తెలియును. శాస్త్రజ్ఞులు దీనిని త్వరణమందురు. దేహమెటు తిరిగినదో కొలుచునది వేఱొక భాగము; దానికి గైరోస్కోపని పేరు. త్వరణములను క్షణక్షణము కూడుచు పోయినచో వేగము వచ్చును, వేగములను కూడుచు పోయినచో దూరము వచ్చును. వినుట కెంతో తేలికగా నున్నది గదా! కాని యిచ్చటనే చక్రవడ్డీ మరల తల యెత్తును. త్వరణపు కొలతలో ఒక సెంటీమీటరు మాత్రము తప్పున్నదనుకొనుడు. పది సెకనులలో దూరము అరమీటరు తప్పును. ఒక నిమిషములో పదునెనిమిది మీటర్లు తప్పును. పది నిమిషములలో పదునెనిమిది వందల మీటర్లు! కూచిపూడి నడివీధిలో అరుగుమీద కదలక కూర్చున్న పెద్దమనుష్యుడు పది నిమిషములలో ఊరు దాటి వరిచేలలో నున్నాడని ఆ యంత్రము చెప్పును. చవక సెన్సారులకు ఇంతమాత్రపు తప్పు మిక్కిలి సహజము.

మఱి దీనిని బాగుచేసిన దేది? పాదము. యంత్రమును జేబులో గాక చెప్పులోనో, మడమకో కట్టిరి. మనుష్యుడు నడచునపుడు దేహమంతయు ముందునకు సాగుచునే యుండును గాని, ఒక్కొక్క యడుగునకును ఒక్కొక్క పాదము నేలనాని కొంచెముసేపు పూర్తిగా నిశ్చలమగును. ఆ క్షణమున పాదమునకు వేగము సున్న. ఇది నిశ్చయము. కావున ఆ క్షణమున లెక్కలో ఏ మాత్రము వేగము కనబడినను అది తప్పే, దానిని తుడిచివేయవచ్చును. అంతమాత్రమే గాదు. తప్పెంతయో తెలిసినపుడు అదే దారిని వచ్చియుండునో ఊహించి, నడచిన దూరమును గూడ వెనుకకు సవరించు గణితమున్నది. 1960లో కాల్మను ప్రకటించిన పద్ధతి యది. ఫాక్సిలిన్ అను అమెరికా ఇంజనీరు చెప్పులో నమర్చిన సెన్సారుతో ఇట్లు చేయవచ్చునని 2005లో ప్రచురించిన వ్యాసము ఈ విద్యకు పెద్ద ప్రేరణ మైనది. నావికునకు తీరము కొన్నివారములకొకసారి కనబడెడిది. నడచువానికి ప్రతి యడుగునను కనబడుచున్నది. తప్పు పెరుగుటకు ముందే అప్పు తీర్చినట్లగును. ఇంత చేసిన పిమ్మట నూఱు మీటర్ల నడకలో ఇంచుమించు ఒక మీటరు తప్పుతో చెప్పగల స్థితి వచ్చినది.

అయినను పాదము దూరపు తప్పును సవరింపగలదు గాని దిక్కు తప్పును సవరింపలేదు. దిక్కులో అయిదు డిగ్రీలు తప్పినచో నూఱు మీటర్లలో దాదాపు తొమ్మిది మీటర్లు ప్రక్కకు పోవుదుము. అనగా వంటయింటిలోనివాడు పొరుగింటి పెరటిలో తేలును. దిక్సూచిని నమ్ముకొందమన్నచో స్లాబులోని యినుపకమ్ములు దానిని గతి తప్పించును. అందుచేత కొందఱు ఇంటిపటమును యంత్రమునకు ముందుగా నిచ్చిరి. గోడను చొచ్చి పోవుట మనుష్యునకు సాధ్యము గాదు గావున, గోడను దాటిన లెక్కలన్నియు కొట్టివేసి, ద్వారమునుండి పోయిన లెక్కలనే నిలుపుదురు. ఇది మంచి యుక్తి. మేడమెట్లెక్కినది లేనిది తెలియుటకు గాలి యొత్తిడిని కొలుచు బారోమీటరును చేర్చిరి. ఒక యంతస్తు ఎక్కినచో ఒత్తిడి తగ్గుట యింత అని చెప్పుటకు తగినంత సూక్ష్మముగా నది పనిచేయును. కాని మన సముద్రతీరమున దీనికొక చిక్కున్నది. తుపాను సమీపించినపుడు గాలి యొత్తిడి తనంత తాను పడిపోవును. ఒక మిల్లిబారు పడినచో యంత్రమునకు ఎనిమిది మీటర్లకు పైగా ఎక్కినట్లు తోచును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనవంటిది వచ్చినపుడు, దివిసీమలో పెంకుటింట మంచముక్రింద దాగియున్నవానిని ఈ యంత్రము మేడలమీద నున్నాడని చూపవలసినదే. దగ్గఱలో నొకచోట కదలని మఱియొక బారోమీటరు నుంచి సరిపోల్చుకొనిననే గాని యీ తప్పు తీఱదు. యంత్రము చేసినవాడు ఏ యూరి గాలిని ఎఱుగునో ఆ యూరికే అది సరిపడును.

ఇక్కడ నొక్క మాట మీ విద్యనుగూర్చి చెప్పక తప్పదు. పాదము నేలనానినంతనే నిశ్చలమను మాటపై ఈ శాస్త్రమంతయు నిలిచియున్నది. మీ తరంగమునెదుట ఆ మాట నిలుచునా? ఇత్తడిపళ్ళెరపు అంచున పాదములు నొక్కి పళ్ళెరముతోడనే ముందునకు సాగు నర్తకికి పాదమెన్నడు నిశ్చలము? పళ్ళెరమును జూచిన నిశ్చలమే, నేలను జూచిన చలనమే. చెప్పులోని యంత్రము ఆమె నిలిచియున్నదని పలుమార్లు పొరపడి, ఆమె సాగిన దూరమును మింగివేయును. గట్టిగా తట్టిన యడుగు కొలతపరిమితినే దాటిపోవచ్చును. ఇక సింహనందిని యున్నది. నర్తకి తాళము తప్పక అడుగులు వేయుచు, నేలమీద పఱచిన రంగుపొడిలో పాదములతోడనే సింహము రూపును చిత్రించును. నూట యిరువది యెనిమిది అక్షరముల సింహనందనతాళమునకు చేయు నృత్యమది. కూచిపూడిలో పుట్టిన సి.ఆర్. ఆచార్యులుగారు మరుగునపడుచున్న ఈ చిత్రనృత్యములను ఉద్ధరించి, అహమ్మదాబాదునందలి దర్పణ సంస్థలో నేర్పిరి. ఆలోచించి చూడుడు. అడుగు కొలత, దిక్కు, కాలము అను మూడింటిని దేహములో నిలుపుకొని, క్రిందికి చూడకయే, ఎచ్చట నున్నామో ఎఱిగి నడచుట గదా యిది? నావికుడు త్రాటితో, నయన్ సింగు పూసలతో, ఇంజనీరు సిలికానుతో సాధింపజూచిన దానిని నర్తకి తాళముతో సాధించినది. మీ సింహమునకు తోక యెక్కడ ముగియవలెనో అక్కడనే ముగియును. మా యంత్రమునకైనచో తోక పొరుగింట ముగియును. ఈ యంత్రములు చేయు యువకులు తమ పరీక్షలకు పొడవైన నడవలను వెదకికొనుటకన్న, ఒకసారి కూచిపూడికి వచ్చి తరంగము నాడువారి కాళ్ళకు కట్టి చూచినచో తమ లెక్క బలమెంతయో బలహీనత యెంతయో వారికే తెలియును.

ఇంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. 1999 డిసెంబరు 3వ తేదీన అమెరికాలోని వుస్టరు పట్టణమున కిటికీలు లేని పాత శీతలగిడ్డంగి యొకటి కాలినది. లోపల నిలువనీడలేని బీద లెవరో చిక్కుకొనిరని తలచి అగ్నిమాపకదళమువారు ప్రవేశించిరి. దట్టమైన పొగలో ఇద్దఱు దారి తప్పిరి. వారిని వెదకబోయిన నలుగురును తిరిగి రాలేదు. ఆఱుగురును మరణించిరి. వారికి ధైర్యము కొఱతపడలేదు, జలము కొఱతపడలేదు. తామెచ్చట నున్నదియు, ద్వారమెటు నున్నదియు తెలియక పోయినది. బయట నిలిచినవారికి లోపలివారు ఎచ్చట నున్నదియు తెలియలేదు. ఆ పట్టణపు పాలిటెక్నిక్ విద్యాపీఠమువారు అటుపిమ్మట ఈ సమస్యపై ఏండ్ల తరబడి పనిచేసిరి.

ఈ విషయమున మన దేశమువారి కృషియు నున్నది. బెంగుళూరునందలి భారత విజ్ఞానసంస్థకు చెందిన ఆచార్య కె.వి.ఎస్. హరిగారు, స్వీడనుదేశపు స్టాక్‌హోమునందలి రాజసాంకేతిక విద్యాపీఠమువారగు నిల్సన్, స్కోగ్, హాండెల్ అనువారితో కలిసి, చెప్పులో నమర్చు ఇట్టి యంత్రమును రూపొందించి, 2012లో ప్రకటించిరి. ఓపెన్‌షూ అని దాని పేరు. హరిగారు మన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివినవారు. ఇందు నేను మెచ్చుకొనునది గణితమును మాత్రమే గాదు. దాని నిర్మాణమును, లోపలి సూత్రములను దాచక అందఱి యెదుట పెట్టిరి. ఎవరైనను తీసికొని చేసికొనవచ్చును, మార్చుకొనవచ్చును. తాళపత్రమును పెట్టెలో దాచినవానికిని, అరుగుమీద కూర్చుండి చదివి వినిపించినవానికిని ఎంత భేదమో అంత భేదమిది.

ఒంటిమీద ధరించు యంత్రమునం దొక సుగుణమున్నది. దానిని కట్టుకొన్నవానికి తాను కట్టుకొన్నట్లు తెలియును. చెప్పు విడిచినచో జాడ విడిచినట్లే. రెండవ మార్గమున నట్లు కాదు. అచ్చట ఇల్లే చూచును.

ఇంటి మూలలలో పైకప్పునకు దాపున అమర్చు తెల్లని చిన్నబుడిపెలను మీలో కొందఱు చూచియుందురు. మన దేహము కంటికి కనబడని వేడికిరణములను ఎల్లప్పుడును వెలువరించుచుండును. బుడిపెపైనున్న గాట్లుగాట్ల ప్లాస్టికు కటకము గదిని విసనకఱ్ఱవలె అనేకభాగములుగా విభజించును. వెచ్చని దేహము ఒక భాగమునుండి మఱియొక భాగమునకు సాగినపుడు, లోపలి స్ఫటికముయొక్క రెండు సగములలో ఒకటి ముందుగా, మఱియొకటి పిమ్మట వేడెక్కును. ఆ భేదమే విద్యుత్తుగా మాఱి, ఎవరో కదలిరని చెప్పును. ఎవరని చెప్పదు. అత్తగారును కోడలును సావడిలో ఎదురై చెఱియొక గదిలోనికి పోయినచో, ఎవరే గదిలో నున్నారో ఈ యంత్రమునకు తెలియదు, లెక్కకట్టువాడు ఊహింపవలసినదే. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రవిశ్వవిద్యాలయమువారు ఇట్టి సెన్సారులమర్చిన ఇండ్లలో ఏండ్ల తరబడి ఈ చిక్కులనే పరిశోధించిరి.

మన ప్రాంతమున నింకొక చిక్కు గలదు. ఈ యంత్రమునకు కనబడునది దేహపు వేడి గాదు. దేహమునకును గోడకును గల వేడిలోని తేడా. రోహిణీకార్తెలో బందరున మధ్యాహ్నము గోడలు కాగి మన చర్మమంత వేడెక్కినపుడు, మనుష్యుడు గోడలో కలిసిపోవును. చలిదేశమున చక్కగా పనిచేసినది మన వేసవిలో గ్రుడ్డిదగుటకు కారణమిదియే. కిటికీలోనుండి వడగాలి కొట్టి తెఱ యూగినచో లేనివాడున్నట్లు చెప్పుటయు కలదు. వీనిని సహింపవచ్చును. సహింపరానిది ఒక్కటి. ఈ యంత్రము చలనమును చూచును గాని మనుష్యుని చూడదు. కదలనివాడు దానికి లేనివాడే. సుఖముగా నిద్రించువానికిని, స్నానాలగదిలో జాఱిపడి లేవలేనివానికిని, గుడికి పోయినవానికిని, దాని కడ ఒకటే గుర్తు: నిశ్శబ్దము. ఊపిరితో ఱొమ్ము కదలుటను గూడ పసిగట్టు రేడియోతరంగముల సెన్సారులు ఇప్పుడు వచ్చినవి గాని, మన యిండ్లలో చవకగా నమర్చబడునవి ఎక్కువగా ఈ బుడిపెలే.

ఇక అసలు సంగతికి వచ్చెదను. గుడివాడ ప్రాంతమున, దివితాలూకాలో, ఈ చుట్టుప్రక్కల గ్రామములలో, పెద్దయింట ఇద్దఱో ఒక్కరో వృద్ధులు మాత్రమే మిగిలియుండుట మీరెఱిగినదే. పిల్లలు డల్లాసులోనో సిడ్నీలోనో యుందురు. తల్లి రాత్రి పడిపోయినచో ఎవరికి తెలియును? ఈ భయము నిజమైన భయము. ఆ బిడ్డలను నిందించుటకు నాకు నోరు రాదు. కెమేరా పెట్టుట అమర్యాదయని తలచి, సెన్సారు పెట్టుదురు. ప్రొద్దున అయిదున్నరకు పడకగది, అయిదు నలువదికి వంటయిల్లు, ఆఱింటికి పెరటితలుపు: ఇట్లు అడుగులన్నియు సముద్రములు దాటి కుమారుని ఫోనులో చుక్కలుగా నిలుచును. ఇందు మేలు లేదనరాదు. 2011లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడిన పరిశోధన యొకటి, ముప్పదినాలుగు వేలకు పైబడిన వృద్ధుల వివరములను కూర్చి, నడక వేగమునకును జీవింపగల కాలమునకును స్పష్టమైన సంబంధమున్నదని చూపినది. ఆరెగాన్ వైద్యవిద్యాపీఠమువారు నడవ కప్పున వరుసగా సెన్సారులను పెట్టి, ఒకదాని క్రిందినుండి మఱియొకదాని క్రిందికి వచ్చుటకు పట్టు కాలమునుబట్టి ఇంటిలోనే నడక వేగమును కొలిచిరి. నెలనెలకు నడక నెమ్మదించుచున్నచో, రోగి చెప్పకముందే వైద్యుడు మేల్కొనవచ్చును. ఇది చిన్న సంగతి గాదు.

కాని నే నెఱిగిన యొక వృద్ధురాలి కథ వినుడు. ఆమె యింట సెన్సారులున్నవి. ప్రొద్దున ఆఱింటిలోపల సావడిలో చలనము లేనిచో కుమారునకు హెచ్చరిక పోవును. ఒకనాడు జాగరణ చేసి తెల్లవాఱిన పిదప నిద్రించినందున, అర్ధరాత్రి కాదు, పగలు కాదు, అక్కడ సాయంకాలపు కొలువులో నున్న కుమారుడు గుండె చెదరి పదిమందికి ఫోను చేసెను. నాటినుండి ఆమె యేమి చేయుచున్నది? ఆఱు కాకముందే లేచి, మోకాళ్ళ నొప్పితో సావడిలో రెండుమారులు అటునిటు నడచి, మరల పోయి పండుకొనుచున్నది. "వాడు కంగారుపడతాడు నాయనా, ఆ దీపానికి కనపడి వస్తాను" అని నాతో ననినది. వినుటకు నవ్వు వచ్చును, తరువాత రాదు. ఆమెను కాపాడుటకు పెట్టిన యంత్రమునకు ఆమెయే కొలువు చేయుచున్నది. ఆ యంత్రము కుమారునకు పంపుచున్న వార్తయు నిజము గాదు; తల్లి లేచినదని చెప్పుచున్నది, తల్లి మోకాలినొప్పిని చెప్పుట లేదు.

చట్టమేమనుచున్నదని అడుగుదురేమో. 2017 ఆగష్టు 24న సుప్రీముకోర్టునందలి తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యమున ఏకగ్రీవముగా తీర్పు చెప్పుచు, వ్యక్తి గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమికహక్కు అనిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచారరక్షణకు చట్టము చేసినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. సమాచారము సేకరించువాడు ఎందులకో చెప్పవలెను, సమ్మతి పొందవలెను, సమ్మతి ఉపసంహరించుకొనుటకు వీలుండవలెను. మంచిదే. కాని అదే చట్టమున, ఒక వ్యక్తి తన సొంత పనికై, గృహావసరమునకై చేయు సేకరణకు ఆ చట్టము వర్తింపదని మూడవ సెక్షనున నున్నది. అనగా సెన్సారు నమ్మి అడుగుల లెక్కను తన యంత్రశాలలో దాచు కంపెనీ సమ్మతి యడుగవలసి రావచ్చును గాని, తల్లి యడుగులను చూచుచున్న కుమారునకు ఆ బాధ్యత లేదు. నేనీ మినహాయింపును తప్పు పట్టను. తల్లికిని బిడ్డకును నడుమ ఇన్స్పెక్టరును నిలుపుట యెవరికి సమ్మతము? కాని చట్టము తప్పుకొన్నచోట మర్యాద నిలువవలెను. తల్లి పేరిట ఎవరు అంగీకరించిరి? ఆ ఫోనులోని బొత్తామును నొక్కినది కుమారుడు. ఆమెను అడిగినట్లు నాకు తోచదు. చెప్పినట్లు మాత్రము తోచుచున్నది.

కొలువులోనివారి స్థితి వేఱు. పని యిచ్చినవాడు తన నష్టమును నివారించుకొనుటకు ఉద్యోగుల సమాచారమును సమ్మతి లేకయే వాడుకొనుటకు ఆ చట్టమే కొంత దారి యిచ్చినది. 2016 జనవరిలో లండనునందలి డైలీ టెలిగ్రాఫు పత్రికాకార్యాలయమున, విలేఖరులు ఒకనాడు వచ్చి చూడగా తమ బల్లల క్రింద చలనమును కనిపెట్టు పెట్టెలున్నవి. ఎవరు కుర్చీలో నున్నారో, ఎవరు లేరో చెప్పు పెట్టెలు. దీపముల ఖర్చు తగ్గించుట కని యాజమాన్యమువారనిరి. విలేఖరుల సంఘము గట్టిగా అభ్యంతరపెట్టగా ఆ దినముననే వానిని తీసివేసిరి. వారికి కలము కలదు, సంఘము కలదు. మన పట్టణములలోని గిడ్డంగులలో రాత్రింబగళ్ళు పెట్టెలు మోయువారికి ఆ రెంటిలో నేదియు లేదు. పార్లమెంటు మరల ఈ చట్టమును చూచినపుడు మొదట సవరింపవలసినది ఈ భాగమని నా యభిప్రాయము.

ఇండ్ల విషయమున చట్టమునకై వేచియుండ నక్కఱలేదు. ఈ సభలో తల్లిదండ్రులును ఉన్నారు, విదేశములనుండి సెలవుపై వచ్చిన బిడ్డలును ఉన్నారు గనుక మీ యుభయులకును కొన్ని సంగతులు మనవి చేసెదను. సెన్సారు పెట్టుటకు ముందు ఏ గదిలో నేది చూచును, ఏది చూడదు అను సంగతి పెద్దవారికి కూర్చుండబెట్టి చెప్పుడు; వలదన్న గదిలో పెట్టకుడు. హెచ్చరిక మొదట పోవలసినది డల్లాసునకు గాదు, ప్రక్కింటికి. జాఱిపడినవారికి నీళ్ళిచ్చి లేవనెత్తగలవారు వారే. పదునాలుగు వేల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్నవాడు ఎంత ప్రేమించినను తలుపు తట్టలేడు. ప్రక్కింటివారితో మాటలు లేని కుటుంబము ముందుగా ఆ మరమ్మతు చేసికొనుట మేలు. అది సెన్సారుకన్న చవక. అడుగుల లెక్క వారమునకు మించి నిలువయుండ నక్కఱలేదు. వైద్యునకు కావలసినది నడక వేగముగాని, ఏ రాత్రి ఎన్నిసారులు లేచినది గాదు. మఱియు దీనిని ఆపు బొత్తాము ఫోనులో నుండరాదు. వంటయింటి దీపపు బొత్తాము ప్రక్కన, ఆమె చేతికందు నెత్తున, గోడమీద నుండవలెను. ఆమె దానిని ఆపినచో యంత్రము కుమారునకు చెప్పవలసిన దొక్కటే: అమ్మ తానే ఆపినది. అప్పుడాతడు ఫోను చేసి, ఏమమ్మా బాగున్నావా యని యడుగవచ్చును.